సీనియర్ ఏమన్నాడు?

ఇంజినీరింగ్ పిల్లలు కంపెనీలో ఏం చూస్తారంటే, కాలేజీ ఫ్లెక్సీ మీద ప్యాకేజీ అంకె చూస్తారని అందరం అనుకుంటాం. నిజానికి ఆ అంకెను ఎక్కువగా చూసేది మనమే. వాళ్లు చూసేది వేరే ఉంది.

సెమినార్ హాల్లో ఏసీ ఏడాదికి కొద్ది రోజులే పనిచేస్తుంది. క్యాంపస్‌కి కంపెనీలొచ్చే రోజులవి. ముందు వరసల్లో ఎవరిదో టై అరువు తెచ్చి మెడకు బిగించుకున్న కుర్రాళ్లు, పొద్దున్నే ఇస్త్రీ చేసిన చొక్కాల్లో అమ్మాయిలు. వేదిక మీద హెచ్ఆర్. తెర మీద గాజు భవనం, పచ్చిక, టేబుల్ టెన్నిస్ బల్ల, కాఫీ కప్పులతో నవ్వుతున్న ఉద్యోగులు. చివరి నుంచి రెండో స్లయిడులో జీతం. ఆ స్లయిడు దగ్గర మాత్రం హాలంతా నిటారుగా కూర్చుంటుంది. అన్నీ అయ్యాక 'ఎనీ క్వశ్చన్స్?' అంటారు. ఒక్క చెయ్యీ లేవదు. లేవకూడదని ప్లేస్‌మెంట్ ఆఫీసర్ ముందు రోజే గట్టిగా చెప్పి ఉంటాడు. జీతం గురించి అడగొద్దు, బాండ్ మాట ఎత్తొద్దు, సెలవుల సంగతి అసలే వద్దు. మళ్లీ ఏడాది ఆ కంపెనీ రాకపోతే ఆయన ఉద్యోగానికి ఎసరు.

అసలు ప్రశ్నలు ఒంటిగంటకి క్యాంటీన్ వెనక మొదలవుతాయి. ఇంటర్వ్యూ ప్యానెల్‌తో పాటు ఒకరిద్దరు పాత విద్యార్థులూ వచ్చి ఉంటారు. మెడలో కంపెనీ ట్యాగు, చేతిలో ప్లేటు. వాళ్ల చుట్టూ ఇరవై మంది మూగుతారు. అన్నా, జాయినింగ్ నిజంగా జులైలోనే ఇస్తారా? ప్రాజెక్టు లేకుండా బెంచ్ మీద ఎన్నాళ్లు కూర్చోబెట్టారు? నీకు డెవలప్‌మెంట్ వచ్చిందా, సపోర్ట్ వచ్చిందా? అక్కా, నైట్ షిఫ్ట్ వద్దంటే వింటారా? మేనేజర్ ఎలాంటోడు? మానేస్తే బాండ్‌లో రాసిన రెండు లక్షలు నిజంగా కట్టించుకుంటారా? పావుగంటలో ఆ కంపెనీ జాతకం తేలిపోతుంది. గాజు భవనం స్లయిడ్లకు కంపెనీ ఎంత ఖర్చు పెట్టిందో తెలీదుగానీ, ఆ సీనియర్ ప్లేటు పట్టుకుని ఒక్క క్షణం ఆగి, "పర్లేదు రా" అన్నాడంటే ఆ ఖర్చంతా వృథా. 'పర్లేదు' అనే మాటకు ఎన్ని అర్థాలున్నాయో మన పిల్లలకు బాగా తెలుసు.

యాజమాన్య శాస్త్రంలో దీనికో పేరుంది. సబ్బులకూ టూత్‌పేస్టులకూ ఉన్నట్టే ఉద్యోగమిచ్చేవాడికీ ఒక బ్రాండు ఉంటుందని ఆంబ్లర్, బారో అనే ఇద్దరు 1996లో ఒక వ్యాసం రాశారు. 2005లో బెర్థన్, మరో ఇద్దరు పరిశోధకులు ఆస్ట్రేలియాలో విద్యార్థుల్ని అడిగి, ఆకర్షణను కొలిచే 25 అంశాల కొలబద్ద తయారుచేశారు. పనిలో కొత్తదనం, తోటివాళ్లు, డబ్బు, ఎదుగుదల, నేర్చుకున్నది వాడుకునే, పదిమందికి నేర్పే అవకాశం అంటూ వాటిని 5 గంపల్లోకి సర్దారు. మంచి పనే. కానీ ఆ కొలబద్దను తెచ్చి మన జిల్లా కాలేజీలో పెడితే ఆరో గంప ఒకటి కావాల్సి వస్తుంది. దాని మీద 'ఈ కంపెనీ చెప్పిన మాట మీద ఉంటుందా' అని రాయాలి. ఈ కథనం చాలావరకు ఆ ఆరో గంప గురించే.

తులాల లెక్క

ముందు డబ్బు సంగతి చూద్దాం. డబ్బు ముఖ్యం కాదనేవాడు ఎడ్యుకేషన్ లోన్ తీర్చి ఉండడు. 2007 ప్రాంతంలో పెద్ద ఐటీ కంపెనీల్లో చేరే కొత్తవాడికి ఏడాదికి 3 లక్షలు అటూఇటూగా ఉండేది. అప్పుడు తులం, అంటే 10 గ్రాముల బంగారం 10 వేల చుట్టూ తిరిగేది. ఏడాది జీతం 30 తులాలు. టీసీఎస్ 'నింజా' అని పిలిచే ఆఫర్ ఏళ్ల తరబడి 3.36 లక్షల దగ్గరే ఉంది. 2025లో బంగారం లక్ష దాటింది. తులం లక్ష లెక్కన ఆ జీతం 3 తులాల పైచిలుకు. కొడుక్కి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చిందని అప్పట్లో తల్లి మెడలోకి గొలుసొచ్చేది. ఇప్పుడు మొదటి ఏడాది జీతం మొత్తం పోసినా తల్లికొక గొలుసు, చెల్లెలికి చెవిపోగులు వస్తే గొప్ప.

పోనీ ఆ అంకె అయినా పూర్తిగా చేతికొస్తుందా? ఏడాదికి 3.6 లక్షల ఆఫర్ తీసుకుందాం. నెలకు 30 వేలు. మూలవేతనం 15 వేలనుకుంటే కంపెనీ వాటా పీఎఫ్ 1,800, ఉద్యోగి వాటా 1,800, రెండూ అందులోంచే పోతాయి. గ్రాట్యుటీ పేరుతో ఏడు వందల పైచిలుకు. శాశ్వత ఉద్యోగిగా ఐదేళ్లు పనిచేస్తేగానీ కంటికి కనబడని డబ్బది. వృత్తి పన్ను 200. ఆరోగ్య బీమా ప్రీమియం. 'వేరియబుల్' అంటూ నెలకు మరో రెండు వేలు, అదెప్పుడిస్తారో, ఇస్తారో లేదో వాళ్లిష్టం. అన్నీ పోను ఖాతాలో పడేది 23 వేల దరిదాపుల్లో. అందులో మాదాపూర్ హాస్టలు, బస్సు, ఫోను, ఇంటికి పంపేది. అందుకే ఇప్పటి పిల్లలు 'ప్యాకేజీ ఎంత?' అని అడగడం మానేసి 'చేతికెంత?' అని అడుగుతున్నారు.

పెద్ద ప్యాకేజీల్లో మాయ ఇంకా పెద్దది. 20 లక్షల ఆఫర్‌లో జాయినింగ్ బోనస్ ఉంటుంది, ఏడాది నిండకుండా మానేస్తే వెనక్కి కట్టాలి. షేర్లుంటాయి, అవి నాలుగేళ్లలో వస్తాయి. ఆ నాలుగేళ్లూ సమానంగా రావు. మొదటి ఏడాది 5 శాతం, రెండో ఏడాది 15, మిగతా 80 శాతం ఆఖరి రెండేళ్లలో ఇచ్చే పద్ధతి ఒక ప్రసిద్ధ అమెరికన్ కంపెనీది. పెరుగంతా కుండ అడుగున పెట్టి, అక్కడిదాకా చెయ్యి పెట్టగలిగితే తినమన్నట్టు. ఇదంతా కలిపి కాలేజీవాళ్లు ఒకే అంకెగా ఫ్లెక్సీ కొట్టించి గేటు పక్కన కడతారు. ఆ ఫ్లెక్సీ వచ్చే ఏడాది చేరబోయేవాళ్ల నాన్నల కోసం. లోపల చదివేవాళ్లకు అందులో ఎంత గాలి ఉందో తెలుసు.

జాయినింగ్ డేట్

మా బ్యాచ్ 2009ది. 2008 ఆగస్టులో క్యాంపస్‌లో నాకో ఆఫర్ లెటర్ వచ్చింది. కంపెనీ పేరెందుకులెండి. అమ్మ దాన్ని లామినేషన్ చేయించి దేవుడి గదిలో వెంకటేశ్వరస్వామి పటం పక్కన పెట్టింది. సెప్టెంబరు 15న అమెరికాలో లేమన్ బ్రదర్స్ దివాలా తీసింది. ఆ పేరు మేం అంతకు ముందు వినలేదు. జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు లెక్కల మోసం ఒప్పుకున్న లేఖ బయటికొచ్చింది. సత్యంలో ఆఫర్లున్న మా హాస్టల్ కుర్రాళ్లు ఆ సాయంత్రం టీవీ గదిలో నిలబడే ఉన్నారు, కుర్చీలు ఖాళీగా ఉన్నా. అప్పటిదాకా పెళ్లిచూపుల్లో 'అబ్బాయి సత్యంలో' అంటే మరో ప్రశ్న ఉండేది కాదు. ఆ ఏప్రిల్లో టెక్ మహీంద్రా వచ్చి ఆ కంపెనీని నిలబెట్టిందిగానీ, ఆ మాటకున్న బరువు మళ్లీ రాలేదు.

నాకు కాల్ లెటర్ రావడానికి చదువయ్యాక పది నెలలు పట్టింది. ఆ పది నెలల్లో నేను నేర్చుకున్నది జావా కాదు, పెళ్లిళ్లలో భోజనాల దగ్గర చివరి బంతిలో కూర్చోవడం. మొదటి బంతిలో కూర్చుంటే "ఇంకా పిలవలేదా నాన్నా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. 'ఉద్యోగం వచ్చింది' అన్న మాటకీ 'ఉద్యోగంలో ఉన్నాడు' అన్న మాటకీ మధ్య ఎంత దూరముందో ఆ ఏడాది మా బ్యాచ్ మొత్తానికి తెలిసింది.

ఈ దూరం ఆర్థికంగా కూడా చిన్నది కాదు. బ్యాంకుల విద్యారుణ పథకం ప్రకారం చదువయ్యాక ఏడాదిదాకా వాయిదాలు మొదలుకావు. కంపెనీ ఏడాది ఆగమంటే ఆ గడువు మొత్తం దానికే పోతుంది. మొదటి జీతం, మొదటి ఈఎమ్ఐ ఒకే నెలలో వస్తాయి, అదీ అదృష్టం బాగుంటే. కంపెనీ లెక్కల్లో అది 'ఆన్‌బోర్డింగ్ వాయిదా'. పొలం కాగితాలు బ్యాంకులో పెట్టిన తండ్రికి మాత్రం నిద్రపట్టని ఏడాది.

ఇన్నేళ్లయినా కథ మారలేదు. 2023 ఫిబ్రవరిలో విప్రో, 6.5 లక్షలకు ఎంపిక చేసి శిక్షణ కూడా పూర్తిచేయించిన కొత్తవాళ్లకు, 3.5 లక్షలకు చేరతారా అని మెయిల్ పెట్టింది. 2022లో ఇన్ఫోసిస్ ఆఫర్ అందుకున్న కొందరు రెండేళ్లు ఆగి 2024లో మైసూరు క్యాంపస్‌లో చేరారు. 2025 ఫిబ్రవరిలో, మూడు అవకాశాల్లోనూ అంతర్గత పరీక్ష పాస్ కాలేదంటూ 300 మందికి పైగా ట్రైనీలను ఆ కంపెనీ పంపేసింది. పరీక్ష నిబంధన ఒప్పందంలో ముందే ఉందన్నది కంపెనీ మాట. ఉంది, కాదనలేం. కానీ జూనియర్లకు గుర్తుండేది రాత్రికి రాత్రి బ్యాగులు సర్దుకుని మైసూరు నుంచి బస్సెక్కిన సీనియర్లే. ఒకప్పుడు ఆ మైసూరు క్యాంపస్ ఫోటోలే పెద్ద ఆకర్షణ. అక్కడి పెద్ద గుమ్మటం ముందు నిలబడి ఫోటో దిగి, ఊళ్లో ఫ్రేము కట్టించి గోడకు పెట్టిన ఇళ్లు నాకు తెలుసు.

ఈ బాధ పెద్ద కాలేజీలకూ ఉంది, కాకపోతే వాళ్ల చేతిలో కర్ర ఉంది. 2016లో ఆఫర్లిచ్చి వెనక్కి తగ్గినందుకు 30కి పైగా కంపెనీలను ఐఐటీల ప్లేస్‌మెంట్ కమిటీ ఏడాదిపాటు క్యాంపస్ గడప తొక్కనివ్వలేదు. గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉన్న ఒక ప్రైవేటు కాలేజీ ఆ పని చేయగలదా? చేయలేదు. మాట తప్పిన కంపెనీకే మర్నాడు మళ్లీ పూలగుచ్ఛం ఇస్తుంది. మరి ఆ పిల్లలకు మిగిలిన ఆయుధం ఏమిటి? వాట్సాప్ గ్రూపు. కంపెనీల జ్ఞాపకశక్తి కంటే ఆ గ్రూపుల జ్ఞాపకశక్తి గట్టిది. నాలుగు బ్యాచ్‌ల వెనక ఎవరిని ఎన్ని నెలలు ఆపారో అందులో ఉంటుంది.

హాల్లో మిగిలినవాళ్లు

చంద్రయాన్-3 దిగిన కొద్ది వారాలకు, 2023 అక్టోబరులో, అప్పటి ఇస్రో ఛైర్మన్ సోమనాథ్ ఒక టీవీ ఇంటర్వ్యూలో ఓ సంగతి చెప్పారు. ఇస్రో బృందం ఒక ఐఐటీకి నియామకాల కోసం వెళ్లింది. జీతాల వివరాలున్న స్లయిడు రాగానే 60 శాతం మంది లేచి వెళ్లిపోయారు. ఇస్రోలో సైంటిస్టుగా చేరేవాడి మూలవేతనం కేంద్ర పే స్కేలులో లెవెల్ 10, అంటే 56,100 రూపాయలు. భత్యాలు వేరే. ఈ వార్త వచ్చినప్పుడు అంతా ఈ తరం డబ్బుకు అమ్ముడుపోయిందని తిట్టిపోశారు. నాకు మాత్రం ఆ 40 శాతం మీదే ధ్యాస. జీతం చూసి కూడా హాల్లో కూర్చున్నవాళ్లు ఎవరు? వాళ్లకు ఏం కనబడింది? వాళ్ల గురించి ఒక్క సంపాదకీయమైనా నా కంటపడలేదు.

ఆ ప్రశ్నకు సగం జవాబు ఎప్పుడో 1959లోనే దొరికింది. ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అమెరికాలోని పిట్స్‌బర్గ్ చుట్టుపక్కల సుమారు 200 మంది ఇంజినీర్లనూ అకౌంటెంట్లనూ కూర్చోబెట్టి, ఉద్యోగంలో మీకు బాగా సంతోషమేసిన రోజేది, బాగా విసుగొచ్చిన రోజేది అని అడిగాడు. సంతోషం కథల్లో ఎక్కువగా పని ఉంది. ఏదో సాధించడం, గుర్తింపు, బాధ్యత. విసుగు కథల్లో కంపెనీ విధానాలు, పైఅధికారి, జీతం ఉన్నాయి. అంటే జీతం తక్కువైతే మనిషి లోపల కుతకుతలాడతాడు, సరిపోతే ఊరుకుంటాడు, పొంగిపోడు. ఈ సిద్ధాంతంతో తర్వాత చాలామంది గొడవపడ్డారు. అయినా ఆయన అడిగినవాళ్లలో ఇంజినీర్లున్నారు కాబట్టి మన సంభాషణలో ఆయనకో కుర్చీ వేయక తప్పదు.

క్యాంటీన్ దగ్గరి 'డెవలప్‌మెంటా, సపోర్టా' అన్న ప్రశ్న ఇదే. డెవలప్‌మెంట్ అంటే కొత్తగా ఏదో కట్టడం. సపోర్ట్ అంటే ఎవరో కట్టి వదిలేసినదాన్ని అర్ధరాత్రి టికెట్లు చూస్తూ కాపలా కాయడం. జీతం రెండింటికీ ఒకటే. కానీ రెండేళ్ల తర్వాత ఇంకో కంపెనీ ఇంటర్వ్యూలో 'ఏం చేశావ్?' అంటే మొదటివాడి దగ్గర కథ ఉంటుంది, రెండోవాడి దగ్గర హాజరు పట్టీ ఉంటుంది. ఈ సంగతి తెలిసిన పిల్లలు 50 వేలు తక్కువైనా ఏ టీములో వేస్తారో ముందే చెప్పే కంపెనీవైపు మొగ్గుతారు. చిక్కల్లా, మూకుమ్మడిగా వేలమందిని తీసుకునే కంపెనీలు ఆ మాట ముందు చెప్పలేవు. జావా నేర్పించి టెస్టింగ్‌లో వేస్తారు, టెస్టింగ్ అన్నవాణ్ని మెయిన్‌ఫ్రేమ్‌కి పంపిస్తారు.

మెకానికల్, సివిల్, ఎలక్ట్రికల్ పిల్లల గోడు ఇంకో రకం. నాలుగేళ్లు థర్మోడైనమిక్స్ చదివి చివరికి సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆప్టిట్యూడ్ పరీక్షలో రైళ్ల లెక్కలు చేస్తారు. సొంత బ్రాంచి ఉద్యోగాలను పిలిచే 'కోర్' అన్న పదంలోనే వాళ్లకు ఒక మర్యాద వినబడుతుంది. ఎల్ అండ్ టీ, టాటా స్టీల్, అశోక్ లేలాండ్, పెనుకొండ దగ్గర కియా. యంత్రం శబ్దం వినబడే చోట హెల్మెట్ పెట్టుకుని నిలబడాలన్న కోరిక చాలామందిలో ఇంకా చావలేదు. అలాంటి కంపెనీలకు ఉన్న సహజమైన ఆకర్షణ కూడా ఒక్క మాటతో ఎలా చెదురుతుందో 2025 జనవరిలో చూశాం. ఆదివారాలు కూడా మీతో పని చేయించలేకపోతున్నందుకు విచారంగా ఉందని, వారానికి 90 గంటలు పని చేయాలని ఎల్ అండ్ టీ ఛైర్మన్ అన్న మాటలు బయటికొచ్చాయి. అంతకు ముందు 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తిగారి 70 గంటల మాట. సివిల్ బ్రాంచ్ ఫోన్లలో ఆ వారమంతా మీమ్‌లే. దరఖాస్తులు మాత్రం ఆగలేదు. కోర్ ఉద్యోగాలు అంత తక్కువ మరి. ఆకర్షణ వేరు, గతిలేకపోవడం వేరు. ఈ రెండింటినీ కంపెనీలు తరచూ ఒకటే అనుకుంటాయి.

గడప దగ్గర

ఇంతవరకూ విద్యార్థి కంపెనీని ఎంచుకుంటున్నట్టే మాట్లాడాను. క్లాసులో వెనక బెంచీవాళ్లు ఇది చదివితే నవ్వుతారు. వాళ్లను ముందు కంపెనీ హాల్లోకి రానివ్వాలి కదా. 'టెన్త్ నుంచి బీటెక్ దాకా అన్నింట్లో 60 శాతం, బ్యాక్‌లాగ్‌లు ఉండకూడదు' అన్న ఒక్క వాక్యంతో సగం క్లాసు బయటే ఆగిపోతుంది. ఇంటర్లో జబ్బుచేసి 58 శాతం తెచ్చుకున్న కుర్రాడు బీటెక్‌లో ఎంత కోడ్ రాసినా ఆ గీత దాటలేడు. వాడి దృష్టిలో ఆకర్షణీయమైన కంపెనీ అంటే ఎవరు? పాత మార్కుల జాబితా అడగకుండా కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి 'ఇది రాసి చూపించు' అనేవాడు.

తిరుపతి, చిత్తూరు, నెల్లూరు వైపు కాలేజీల్లో జోహో పేరు పలికేటప్పుడు గొంతులో వచ్చే గౌరవం అక్కడిదే. మార్కులకంటే ప్రోగ్రామింగ్ రౌండ్లకు పెద్దపీట వేస్తుందన్న పేరు ఆ కంపెనీకి ఉంది. డిగ్రీ లేని పిల్లలకు శిక్షణ ఇచ్చి పనిలోకి తీసుకునే బడి నడుపుతుంది, తెన్‌కాశి లాంటి చిన్న ఊళ్లో కార్యాలయం పెట్టింది. మొదటి జీతం బెంగళూరు కంపెనీలంత ఉండకపోవచ్చు. అయినా రౌండ్ రౌండ్‌కీ ఏం అడిగారో పిల్లలు ఒకరికొకరు కథల్లా చెప్పుకుంటారు. ఓడిపోయినవాడు కూడా ఆ రోజు గురించి బాగానే చెబుతాడు. పరీక్ష పెట్టినవాడు నన్ను నిజంగా చూశాడన్న తృప్తి అది. ఉద్యోగం రానివాడి నోటితో కూడా మంచి అనిపించుకోవడాన్ని మించిన ప్రకటన ఏ కంపెనీకైనా ఉంటుందా?

దీనికి తిరగేసిన బొమ్మ చాలా కాలేజీల్లో కనబడుతుంది. పొద్దున ఎనిమిదికి రమ్మని సాయంత్రం ఐదుకి పిలవడం, ఐదు నిమిషాల్లో పంపేయడం, ఫలితం చెప్పకుండా మాయమవడం. వేరే కాలేజీలో పూల్ డ్రైవ్ పెట్టి నాలుగు జిల్లాల పిల్లల్ని రాత్రి బస్సుల్లో రప్పించి, పది మందిని తీసుకుని వెళ్లిపోవడం. నన్నింకా మనిషిగా కూడా లెక్కపెట్టనివాడు ఉద్యోగంలో చేరాక ఎలా చూస్తాడన్నది పిల్లల లెక్క. తప్పు లెక్కేం కాదు.

రాత్రి క్యాబ్

అమ్మాయిల ప్రశ్నల పట్టీ వేరు. అది చాలా కంపెనీల స్లయిడ్లలో చివరన, చిన్న అక్షరాల్లో ఉంటుంది. షిఫ్టు ఎన్నింటికి ముగుస్తుంది? క్యాబ్ ఇంటి గుమ్మం దాకా వస్తుందా, మెయిన్ రోడ్డు మీద వదిలేస్తుందా? టీములో ఇంకెంతమంది ఆడవాళ్లున్నారు? మేనేజర్లలో ఎంతమంది? 2013 చట్టం ప్రకారం పదిమంది ఉన్న చోట వేధింపుల ఫిర్యాదుల కమిటీ ఉండాలి. 2017 సవరణతో ప్రసూతి సెలవు 26 వారాలైంది, 50 మంది, ఆపైన ఉన్న చోట పిల్లల గది తప్పనిసరైంది. ఇవి కంపెనీ దయ కాదు, చట్టం. అయినా వీటిని తమ ఔదార్యంలా స్లయిడు మీద పెట్టే కంపెనీలున్నాయి. ఫైనలియర్ అమ్మాయికి ప్రసూతి సెలవుతో పనేమిటని నవ్వే అబ్బాయిలుంటారు. ఆ అమ్మాయి చూసేది సెలవు కోసం కాదు. ఆ సెలవు వాడుకున్న అక్క తిరిగొచ్చాక అదే టీములో ఉందా లేదా అని.

ఊరు కూడా ఒక అంశమే. 'హైదరాబాదైతే సరే, పుణె అయితే వద్దు' అనే ఇళ్లలో వద్దన్న కారణం కంపెనీ గురించి కాదు, పిన్నిగారిల్లు హైదరాబాదులో ఉండటం గురించి. అందుకే ఇన్ఫోసిస్ 2023 అక్టోబరులో విశాఖలో కార్యాలయం తెరిచినప్పుడూ, 2025 ఏప్రిల్లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 99 పైసల నామమాత్రపు ధరకు టీసీఎస్‌కు 21.16 ఎకరాలు కేటాయించినప్పుడూ, శ్రీకాకుళం, విజయనగరం ఇళ్లలో జరిగిన చర్చ భూమి ధర గురించి కాదు. పాప శనివారం ఇంటికి రాగలదా అన్నదే.

ఇక 'ఆన్‌సైట్'. మా తరానికి అది మంత్రం. ఏ కంపెనీ ఎంత త్వరగా విమానం ఎక్కిస్తుందన్నదే దాని విలువ. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుమని అమెరికా అన్నాక ఆ మంత్రం బలం తగ్గింది. ఇప్పుడు పిల్లలు హైదరాబాదులోని నానక్‌రామ్‌గూడ వైపు చూస్తున్నారు. అమెరికా కంపెనీ అక్కడే ఉంది కదా, మనం వెళ్లడం ఎందుకని.

మానేస్తే ఎంత?

నాన్నలు మాత్రం ఇప్పటికీ 'గేట్ రాసి ఎన్టీపీసీకో బీహెచ్ఈఎల్‌కో పోరాదా' అంటారు. రామగుండం టౌన్‌షిప్ క్వార్టర్లు, రామచంద్రాపురం చెట్లు చూసినవాళ్లకు ఆ కోరిక సహజం. ప్రైవేటులో ప్రభుత్వోద్యోగం లాంటిదని పేరున్న టీసీఎస్ కూడా 2025 జులైలో 12 వేల మందికి పైగా తగ్గించుకుంటామన్నాక ఆ వాదన గట్టిపడింది. కానీ తెలంగాణలో 2023 మార్చి 5న అసిస్టెంట్ ఇంజినీర్ పరీక్ష రాసి, పేపర్ లీకై అది రద్దయిందని పది రోజులకు తెలుసుకున్నవాళ్ల ముందు ఆ సలహా ఇచ్చి చూడండి. మాట తప్పడం ప్రైవేటు గుత్తసొత్తేమీ కాదు.

బాండ్ ఇంకో ముడి. రెండేళ్లలోపు మానేస్తే లక్ష, రెండు లక్షలు. 2025 మేలో సుప్రీంకోర్టు విజయా బ్యాంకు కేసులో, మూడేళ్లలోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న నిబంధన చెల్లుతుందని తీర్పు చెప్పింది. ప్రభుత్వ బ్యాంకు మళ్లీ నోటిఫికేషన్ ఇచ్చి, పరీక్ష పెట్టి మనిషిని తెచ్చుకోవడానికయ్యే ఖర్చును కోర్టు లెక్కలోకి తీసుకుంది. ఇదే తీర్పును చూపించి, రెండు వారాల వీడియోలు చూపించే కంపెనీ కూడా రెండు లక్షలంటే ఎలా? పిల్లలు బాండ్ కాగితాన్ని ఒక సంకేతంగా చదువుతారు. మంచివాళ్లే ఉంటే నన్ను కట్టేయాల్సిన అవసరం ఏముంది అని. ఒరిజినల్ సర్టిఫికెట్లు మా దగ్గర ఉంచమనేవాళ్లు, 'డిపాజిట్' కట్టమనేవాళ్లు ఇంకో జాతి. అమీర్‌పేట, మాదాపూర్ గల్లీల్లో అలాంటి బోర్డులు పొద్దున లేచి సాయంత్రానికి దిగుతాయి. వాటి గురించి ఆకర్షణ అన్న పదం వాడడానికి నాకు మనసు రావడం లేదు.

పోయిన నెల మా మేనకోడలు ఫోన్ చేసింది. కాకినాడలో ఫైనలియర్. చేతిలో రెండు ఆఫర్లు. ఒకటి బెంగళూరు స్టార్టప్, 8 లక్షలు, బాండ్ లేదు, జాయినింగ్ తేదీ 'త్వరలో తెలియజేస్తాం'. రెండోది హైదరాబాద్, 5 లక్షలు, తేదీ వేసి ఉంది, ఏ టీమో కూడా రాసి ఉంది.

"మావయ్యా, నువ్వయితే ఏం చేస్తావ్?"

నా లామినేషన్ కథ మళ్లీ చెప్పబోయాను. "అది నాకు తెలుసులే" అంది. రెండో కంపెనీలో వాళ్ల కాలేజీ అక్క ఒకామె రెండేళ్లుగా పనిచేస్తోందట. సాయంత్రం నుంచి ఆమెకు ఫోన్ చేస్తోంది, ఎత్తడం లేదు. ఎత్తాక నిర్ణయిస్తానంది.

రాత్రి పది దాటాక నా ఫోన్‌కి ఒక స్క్రీన్‌షాట్ వచ్చింది. ఆ అక్క పంపిన మెసేజ్: 'సారీ రా, ఇంకా ఆఫీసులోనే ఉన్నా. రేపు మాట్లాడతా.' మా మేనకోడలు దాని కింద ఏమీ రాయలేదు.